అక్కకు పొలమారిన పూట

మా అక్క నాతో కలిసి అన్నం తినక పదకొండేళ్ళయింది. పెళ్ళిళ్ళకు వచ్చేది, నేను కూర్చున్న పందిట్లోనే రెండు వరసల అవతల కూర్చునేది. మా ఇంటి శుభకార్యమైతే మాత్రం ఆకు ముందుకు వచ్చేది కాదు. చేతిసంచిలో స్టీలు సీసా ఉండేది, అందులో తన ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ళు. నాతో నేరుగా మాట్లాడేది కూడా కాదు. పక్కనే ఉన్న నన్ను చూడకుండా తన కూతురితో, "మీ మావయ్య బీపీ మాత్రలు ఏసుకున్నాడో లేదో అడగవే" అనేది. నేనూ ఆ పిల్లకే జవాబు చెప్పేవాణ్ణి. కోపం ఉన్న చోట పట్టింపు లేకపోతే మనిషి తేలిగ్గా దులిపేసుకుని పోవచ్చు. మా అక్క దగ్గర రెండూ ఉండేవి, అందుకే నాకు ఊపిరాడేది కాదు.

పోయినేడు ఆమె గుండెకు గుంటూరులో ఆపరేషన్ చెయ్యాలన్నారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు ఒకటే యావ. ఆమె ఆ బల్ల ఎక్కేలోపు ఒక్క ముద్దో, ఒక్క గుక్క నీళ్ళో నా చేతి మీదుగా ఆమె నోట్లోకి పోవాలి. ఆమె అటునుంచి అటే పోతే నా చేతిది ముట్టనన్న ఆమె ఒట్టు నాతోపాటు కాటి దాకా వస్తుంది. ఒట్టు తీసి గట్టు మీద పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు. తప్పు నాది కాబట్టి.

దారి చూపించింది మా మేనకోడలే. "మా హోటలుకి రా మావయ్యా. అది నీ ఇల్లు కాదు, మా ఇల్లూ కాదు. అక్కడ అన్నం పెట్టేది నేను. అమ్మ కాదనలేదు" అంది ఫోన్లో.

ఆ హోటలు గురించి చెప్పాలి. మా మేనకోడలు హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, గోవాలో ఒక పోర్చుగీసు ముసలావిడ నడిపే వంటింట్లో ఏడేళ్ళు పనిచేసింది. మా బావ పోయాక గురజాలలో ఒంటరిగా ఉన్న తల్లి కోసం వెనక్కి వచ్చి, మాచర్లలో గుడివైపు వీధిలో పాత రాతిల్లు అద్దెకు తీసుకుని పోర్చుగీసు హోటలు పెట్టింది. మొదట విన్నప్పుడు నేనూ అందరిలాగే నవ్వాను. మాచర్లలో ఇడ్లీ బాగా చేసేవాడే నాలుగు రోజులు నిలబడలేడు, పోర్చుగీసు కూడు ఎవడు తింటాడు అన్నాను. అయినా సాగర్ చూడటానికి వచ్చే కార్లు శని, ఆదివారాలు దాని ముందు ఆగడం మొదలైంది. ఊళ్ళో డాక్టర్లు, బ్యాంకుల వాళ్ళు పుట్టినరోజులకు వస్తున్నారు. నా నవ్వు నేనే మింగేశాను.

నరసరావుపేటలో బస్సెక్కి మధ్యాహ్నం పన్నెండున్నరకు అక్కడికి చేరాను. బయట పేరు పలక చిన్నది, నల్ల నాపరాయి మీద తెల్ల అక్షరాలు. లోపల గోడల సున్నం గీకేసి రాయిని రాయిలాగే వదిలేసింది. ఆరు బల్లలు. ఒక గోడకు మాత్రం నీలం, తెలుపు పువ్వుల పలకలు అతికించింది. వంటగదికీ మనకీ మధ్య అద్దం, లోపల ఆమె ఏం చేస్తోందో కనపడుతుంది. మన హోటళ్ళలో వంటగది చూస్తే తినబుద్ధి కాదు, అందుకే తలుపేస్తారు. ఇక్కడ చూపించడమే గొప్ప.

అక్క అప్పటికే వచ్చి గోడవైపు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. బల్ల మీద గాజు గ్లాసులు ఉన్నాయి, వాటి పక్కన ఆమె స్టీలు సీసా ఉంది. నేను ఎదురుగా కూర్చున్నాను. ఆమె నా చొక్కా కాలరు వైపు చూసి, అద్దం అవతల ఉన్న కూతురితో చెప్పినట్టుగా, "ఈ ఎండలో బస్సులో వచ్చినట్టుండాడు. కారు మాట్లాడుకోవచ్చు గదా" అంది.

పల్నాడులో చాపకూడు కథ తెలియని వాళ్ళుండరు. అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి తినిపించిన సీమ ఇది. సోషల్ మాస్టారుగా ముప్పై ఏళ్ళు ఆ కథ పిల్లలకు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ గొంతు పెంచి చెప్పాను. సొంత అక్కను ఒక బల్ల దగ్గరికి తేవడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది, అదీ ఇంకొకరు తెస్తే.

మా అమ్మ పోయిన రోజు సంగతి ఇక్కడ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అమ్మ నరసరావుపేటలో మా ఇంట్లోనే పొద్దున్నే పోయింది. అక్క గురజాల నుంచి రావాలి. ముసురు పట్టి రెండు రోజులు. వాగు రోడ్డెక్కి బస్సులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఎవరివో లారీలు పట్టుకుని, కొంత దూరం నడిచి, సాయంత్రం నాలుగున్నరకు ఫోన్ చేసింది. "తమ్ముడూ, నకరికల్లు దాటాను. అరగంటలో వస్తా. ఆగండి" అంది. నేను సరేనన్నాను. ఆ మాట నా నోటితోనే అన్నాను.

ఇంట్లో పెద్దవాళ్ళు అప్పటికే తొందరపెడుతున్నారు. పొద్దు గూకితే ఎత్తకూడదు, మర్నాటిదాకా ఉంచాలి, మర్నాడు అమావాస్య, ఇంటికి మంచిది కాదు అని ఒకరి తర్వాత ఒకరు. మబ్బుకి అప్పుడే చీకటి పడినట్టుంది. పైగా అది నేను కొత్తగా కట్టుకున్న ఇల్లు. నాకు భయం వేసింది. చదువుకున్నవాణ్ణి, పిల్లలకు మూఢనమ్మకాల మీద పాఠాలు చెప్పినవాణ్ణి, భయపడ్డాను. ఎత్తండి అన్నాను. జేబులో ఫోన్ మళ్ళీ మోగింది. తీసి చూసి, కట్ చేశాను.

అక్క వచ్చేసరికి అమ్మను పడుకోబెట్టిన చోట దీపం ఒక్కటే ఉంది. తడి చీరతో గడపలో నిలబడి ఆ దీపం వైపు చూసిందట. ఏడవలేదట. నేను కాటి నుంచి తిరిగొచ్చాక కూడా నన్ను ఒక్క మాట అనలేదు.

అన్నది మూడో రోజు. ఆ రోజు పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూస్తారు. కోడికూర పెట్టాం, గారెలు పెట్టాం, పరమాన్నం పెట్టాం. కాకులు ప్రహరీ మీద వాలుతున్నాయి, దిగడం లేదు. గంటైంది. అప్పుడు అక్క, "ఎండుచేప కాల్చి పెట్టండి, వస్తది" అంది. అమ్మకు ఎండుచేప ప్రాణం. వంకాయతో వండినా, బొగ్గుల మీద కాల్చి జొన్నన్నంలో నంజుకున్నా, ఆ రోజు ఆమెకు పండగే. కొత్త ఇల్లు కట్టాక నేనే వద్దన్నాను. పైన అద్దెకున్నవాళ్ళు వాసన పడలేరని ఒక వంక. అసలు సంగతి, నాతో పనిచేసే మాస్టార్లు ఇంటికొచ్చినప్పుడు ఆ వాసన రావడం నాకు నామోషీ. అమ్మ ఎదురు చెప్పలేదు. నెలకోసారి పక్కవీధిలో బట్టలు కుట్టే సాయిబు గారింటికి వెళ్ళేది. ఆయన భార్యను చెల్లెలా అని పిలిచేది. చేపను ఆమె పొయ్యి మీద కాల్చుకుని తిని, మూతి కడుక్కుని, ఏమీ ఎరగనట్టు వచ్చేది. నాకు తెలుసు. తెలియనట్టు ఉండేవాణ్ణి.

ఆ మూడో రోజు కూడా, పదిమంది ఉన్నారు, ఆ నీచు వాసన ఇప్పుడెందుకు అన్నాను. కాకి ముట్టలేదు. చివరికి ఆకును తీసుకెళ్ళి కాలవలో వదిలి వచ్చారు. అప్పుడు అక్క అందరి ముందూ అంది.

"అమ్మని నాకు చూపీకుండానే పంపిచ్చావు. ఆకలితోనే పంపిచ్చావు. నీ ఇంట్లో మెతుకు ముట్టను. నీ చేత్తో నీళ్ళిచ్చినా తాగను. ఇది అమ్మ మీద ఒట్టు."

అదీ సంగతి.

ఇక ఆ మధ్యాహ్నానికి వస్తే, ముందు ఆకుకూర రసంలాంటిది వచ్చింది, ఆలుగడ్డ మెదిపి చిక్కగా చేసినది. వాళ్ళ దేశంలో ఏదో ఆకు వేస్తారట, ఈమె మునగాకు వేసింది. పక్కన రొట్టె ముక్కలు. పళ్ళేలు పెళ్ళివారి తాంబాళాలంత ఉన్నాయి, అందులో తిండి మాత్రం నైవేద్యమంత. అక్క పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమే, మిగతాది వెనక తెస్తన్నావా?" అంది. మేనకోడలు నవ్వింది. నేనూ నవ్వాను. అక్క నా వైపు చూసి మొహం తిప్పుకుంది గానీ, పెదవి చివర కాస్త కదలడం చూశాను.

తర్వాత ఒక చిన్న గిన్నెలో ఎర్రటి కారం తెచ్చింది. మిరపకాయ, వెల్లుల్లి, నూనె, నిమ్మరసం కలిపి నూరినది. నా నోరు ఊరుకోదు కదా, పాఠం మొదలుపెట్టాను. అమ్మాయ్, ఈ మిరపకాయ మనది కాదు, పోర్చుగీసువాళ్ళే ఓడల్లో తెచ్చారు, మా పాత పుస్తకాల్లో వాళ్ళను బుడతకీచులు అనేవాళ్ళు, వాళ్ళే రాకపోతే పల్నాడులో మిరపతోటే లేదు అన్నాను.

అక్క కూతురితో అంది. "అయితే వాళ్ళు రాకముందు మనోళ్ళు పచ్చడెట్టా చేసుకున్నారంటో అడుగు."

"మిరియాలతో" అన్నాను.

"అందుకే అందరూ శాంతంగా ఉన్నట్టుండారు. కారమొచ్చినాకే ఈ కొట్లాటలన్నీ."

అప్పుడు అసలు వంటకం వచ్చింది. సన్నగా తరిగి వేయించిన ఆలుగడ్డ, ఉల్లిపాయ, కోడిగుడ్డు, వాటితో కలిసి తెల్లటి పోగుల్లా ఏదో. మీద నల్లటి కాయలు, కొత్తిమీర. పళ్ళెం బల్ల మీద పెట్టకముందే వాసన వచ్చింది. ఆలివ్ నూనె వాసన కింద ఇంకోటి, నాకు బాగా తెలిసినది, నేను నా కొత్త ఇంటి గడప దాటనివ్వనిది.

"ఇది ఎండుచేప గదే" అంది అక్క.

"ఉప్పుచేపమ్మా. వాళ్ళు బకల్యావ్ అంటారు. పండగైనా పెళ్ళైనా అదే వాళ్ళకు గొప్ప. అసలుది చల్లటి సముద్రాల్లో చేప. నేను నిజాంపట్నం నుంచి తెప్పిచ్చి ఇక్కడే ఉప్పులో పెడతా. మా హోటలుకొచ్చేవాళ్ళు దీనికోసమే వస్తారు."

అక్క చాలాసేపు ఆ పళ్ళెం వైపు చూసింది. కార్లలో వచ్చేవాళ్ళు, తెల్లటి గుడ్డ తొడ మీద పరుచుకుని, మెత్తగా మాట్లాడుకుంటూ అడిగి తెప్పించుకునే వంటకం అది. మా అమ్మ పరాయి పొయ్యి దగ్గర దొంగతనంగా కాల్చుకుని తిన్నది కూడా అదే. నేను తల వంచుకున్నాను. నామోషీ అనే మాటకు నా దగ్గర ఇన్నేళ్ళు ఉన్న అర్థం ఆ బల్ల దగ్గర తలకిందులైంది. సిగ్గేసింది. నాకోసం కాదు, నా వెనకాల నోరు మూసుకుని తిరిగిన ఒక ముసలావిడ కోసం.

"అమ్మ ఉంటే..." అన్నాను.

అక్క ఫోర్కు పక్కన పెట్టి చేత్తో కలిపి ముద్ద నోట్లో పెట్టుకుంది. నమిలింది. "చప్పగా ఏడిసిందే. ఉప్పంతా యాడబోసినావు?" అంది.

"నీకు ఉప్పు వద్దన్నారు కదమ్మా. నాలుగు సార్లు నీళ్ళు మార్చి నానేశా."

"ఎండుచేపలో ఉప్పు లేకపోతే ఇంకేముంది తినేదానికి" అని, ఎర్ర కారం గిన్నె లాక్కుని, పల్నాటి మనిషి కదా, పచ్చడి కలుపుకున్నట్టు గిన్నెలో సగం కలుపుకుంది. వద్దని కూతురు చెయ్యి పట్టుకునేలోపే పెద్ద ముద్ద నోట్లోకి పోయింది.

పొలమారింది. దగ్గు ఆగలేదు. కళ్ళు ఎర్రబడ్డాయి, మెడ నరాలు ఉబ్బాయి. రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. మేనకోడలు స్టీలు సీసా అందుకుని మూత తీసింది. అది ఖాళీ. ఎండకు దారిలోనే తాగేసినట్టుంది.

నేను ఎప్పుడు లేచానో నాకు తెలియదు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, అక్క నడినెత్తి మీద అరచేత్తో తట్టాను. చిన్నప్పుడు మాకు పొలమారితే అమ్మ అలాగే తట్టేది. "ఎవరో తలుచుకుంటన్నారు, ఎవరో తలుచుకుంటన్నారు" అనేది. నా నోట అదే మాట వచ్చింది. ఎడం చేత్తో నా గ్లాసు తీసి ఆమె నోటి దగ్గర పెట్టాను. ఆమె నా మణికట్టు పట్టుకుని గటగటా తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

దగ్గు తగ్గింది. ముగ్గురం ఎక్కడివాళ్ళం అక్కడే ఉండిపోయాం. నా చెయ్యి ఇంకా ఆమె నెత్తి మీదే ఉంది. ఆమె చెయ్యి నా మణికట్టు మీద ఉంది. చేసింది ఏమిటో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. ఇంత ఆశపడి వచ్చినవాణ్ణి, తీరా అయ్యాక, ఊపిరాడక తాగిన నీళ్ళు లెక్కలోకి వస్తాయా, అమ్మ మీద ఒట్టు నా వల్లే తప్పిందా అని బెదిరిపోయాను.

అక్క కొంగుతో మూతి తుడుచుకుంది. పదకొండేళ్ళ తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఎవురు తలుచుకుంటార్రా నన్ను, అమ్మ కాకపోతే" అంది. ఎదుటి కుర్చీ చూపించి, "కూర్చో. చల్లారిపోతంది" అంది.

కూర్చున్నాను. ఆమె తన పళ్ళెంలోంచి చేప పోగులు వేళ్ళతో ఏరి నా పళ్ళెంలో వేసింది. తిన్నాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు. కారం ఎక్కువైందనుకున్నారు పక్క బల్ల వాళ్ళు. ఆ తర్వాత గుడ్డూ పాలూ పోసి కాల్చిన తీపి బిళ్ళలు తెచ్చింది మేనకోడలు. అక్క ఒకటి సగం కొరికి, మిగతా సగం నాకిచ్చింది. మా చిన్నతనంలో ఏ తీపైనా మాకు అలాగే పంచేవాళ్ళు. అమ్మ గురించి గానీ, ఆ వాన రోజు గురించి గానీ మేము ఒక్క మాటా మాట్లాడుకోలేదు. మాట్లాడాల్సింది. క్షమించు అనాల్సింది నేను, తీపి తింటూ కూర్చున్నాను. బస్సెక్కించడానికి ఆమె వీధి చివరిదాకా వచ్చింది. "ఇంటికి పోయినాక ఫోన్ చెయ్యి" అంది, నేరుగా నాకే.

ఆపరేషన్ బాగానే జరిగింది. మేనకోడలు ఆమెను గురజాల పంపకుండా మాచర్లలో తన దగ్గరే పెట్టుకుంది. రెండుసార్లు వెళ్ళి చూసొచ్చాను, ఫోన్లో రోజూ మాట్లాడేవాళ్ళం. నెలన్నర తర్వాత ఒక మధ్యాహ్నం మేనకోడలు ఫోన్ చేసి, అన్నం తిని పడుకున్న మనిషి లేవలేదు మావయ్యా అంది.

ఆడపిల్ల పోతే పుట్టింటి చీర కప్పి పంపాలి. మా అమ్మ లేదు, నాన్న ఎప్పుడో పోయాడు, పుట్టిల్లంటే నేనే. మధ్యాహ్నం మూసిన దుకాణం తీయించి చీర తీసుకుని కారెక్కేసరికే ఆలస్యమైంది. పిడుగురాళ్ళ దగ్గర లారీ ఒకటి అడ్డంగా పడి బండ్లన్నీ ఆగిపోతున్నాయని దారిలో తెలిసింది. ఫోన్ చేశాను. "అమ్మాయ్, నకరికల్లు దాటాను" అన్నాను. అన్న తర్వాత ఆ మాట నాకు వినపడింది. ఆగండి అని మాత్రం అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను?

"రా మావయ్యా" అంది ఆ పిల్ల.

లారీని తీసేసరికి రెండు గంటలు పట్టింది. గురజాల దాటేసరికి పొద్దు వాలింది. మాచర్లలో కారు దిగేటప్పటికి పొద్దు గూకిపోయింది. వీధి ఖాళీగా ఉంటుందనీ, వాకిట్లో దీపం ఒక్కటే ఉంటుందనీ అనుకుంటూ దిగాను. అదే నాకు తగిన శాస్తి అని దారిపొడుగునా మనసును సిద్ధం చేసుకున్నాను.

వీధి నిండా జనం. అక్క వాకిట్లోనే ఉంది. పాడె కట్టి పక్కన పెట్టి ఉంది, ఎత్తలేదు. పెద్దవాళ్ళు కొందరు మొహాలు మాడ్చుకుని అరుగుల మీద కూర్చున్నారు. మేనకోడలు ఎదురొచ్చి నా చేతిలో చీర అందుకోకుండా నా మోచెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది.

"అందరూ అరిచారు మావయ్యా. ఎత్తనియ్యలా నేను. అమ్మ చెప్పింది. 'నాకేమన్నా అయితే మీ మావయ్య వచ్చిందాకా ఆపు. పొద్దు గూకినా సరే, ఎవురేమన్నా సరే' అంది. ఆ రోజు హోటల్లో తిని, నువ్వు బస్సెక్కంగానే చెప్పింది."

నేను చీర మడత విప్పి అక్క మీద కప్పాను. పాదాల దగ్గర సర్దాను. ఆమె నడినెత్తి మీద చెయ్యి పెట్టాను. అప్పుడు చెప్పాను, అరగంట ఆగలేకపోయాను అక్కా, క్షమించు అని. బల్ల దగ్గర చెప్పాల్సిన మాట.

పొద్దు గూకింది కాబట్టి ఇక తెల్లారిందాకా ఉంచాల్సిందే అన్నారు పెద్దవాళ్ళు. పదకొండేళ్ళ కిందట నేను భయపడింది సరిగ్గా దీనికే. ఏమీ కాలేదు. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను, తెల్లారింది.